రైలు పోయింది, సైకిళ్లు వచ్చాయి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో ఉత్తర వర్జీనియాలోని డబ్ల్యూ అండ్ ఓడీ ట్రెయిల్ గురించి నాలుగు ముక్కలు రాశాను. అప్పట్నుంచి వచ్చేవన్నీ సైకిలు ఉత్తరాలే. ఈసారి జవాబులన్నీ వాటికే. పచ్చళ్ల గురించి అడిగినవాళ్లు ఒక్క నెల ఓపిక పట్టండి. ఆ ట్రెయిల్ సంగతి తెలియనివాళ్ల కోసం: ఆర్లింగ్టన్‌లోని షర్లింగ్టన్ దగ్గర మొదలై ఫాల్స్ చర్చ్, వియన్నా, రెస్టన్, హెర్న్‌డన్, యాష్‌బర్న్, లీస్‌బర్గ్ మీదుగా పర్సెల్‌విల్ దాకా, ఒకప్పటి రైలుకట్ట మీద వెళ్లే తారుబాట అది. 45 మైళ్లు, అంటే మన లెక్కలో 72 కిలోమీటర్లు. కార్లు రావు. నడిచేవాళ్లకు, పరిగెత్తేవాళ్లకు, సైకిళ్లకు మాత్రమే.

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల మాస్టారిని. వయసు 66. ఖమ్మం నుంచి వచ్చి యాష్‌బర్న్‌లో అబ్బాయి దగ్గర ఉంటున్నాం. సర్వీసంతా సైకిలు మీదే బడికి వెళ్లాను. ఇక్కడ కారు లేకపోతే పాల డబ్బాకు కూడా కదలలేం. ట్రెయిల్ ఇంటికి దగ్గరే గానీ, అబ్బాయి ‘ఒక్కడివే వద్దు నాన్నా’ అంటున్నాడు. వెళ్లొచ్చా?

జవాబు: మీ డాక్టరు వద్దనకపోతే నిక్షేపంగా వెళ్లండి మాస్టారూ. అబ్బాయికి ఈ పేజీ చూపించండి. కాకపోతే మీ చేతులకూ కాళ్లకూ ఇన్నేళ్లుగా పట్టిన అలవాట్లు రెండున్నాయి, ముందు వాటిని మార్చాలి.

ఒకటి, ఇక్కడ కుడివైపు వెళ్లాలి. తెలిసిన విషయమే అంటారు. కానీ ఎదురుగా ఎవరైనా హఠాత్తుగా వచ్చినప్పుడు మన హ్యాండిల్ దానంతటదే ఎడమకు తిరుగుతుంది. అవతలివాడు తన కుడికి తిప్పుతాడు. ఇద్దరూ ఒకేచోటికి వస్తారు. రెండోది చాలామందికి తెలియదు. మన దగ్గర మామూలుగా కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది. అమెరికాలో అమ్మే సైకిళ్లకు కుడిచేతిది వెనక చక్రానిది, ఎడమచేతిది ముందుది. కంగారులో ఎడమచేత్తో గట్టిగా నొక్కారంటే సైకిలు ఆగుతుంది, మీరు ఆగరు. పార్కింగ్ లాట్‌లో రెండు మూడు రోజులు మెల్లగా తిరిగి, ఏ చేత్తో నొక్కితే ఏ చక్రం పట్టుకుంటోందో ఒంటికి తెలిసేదాకా ట్రెయిల్ ఎక్కకండి.

ఇంకొకటుంది. వెనకనుంచి వచ్చేవాళ్లు మిమ్మల్ని దాటే ముందు ‘ఆన్ యువర్ లెఫ్ట్’ అని అరుస్తారు. మీకు ఎడమవైపు నుంచి దాటుతున్నానని చెప్పడం అది, మిమ్మల్ని ఎడమకు జరగమనడం కాదు. యాష్‌బర్న్ సాయంత్రాల్లో వాకింగ్‌కి వచ్చిన మన పెద్దవాళ్లు ఆ కేక వినగానే సరిగ్గా సైకిలు ముందుకే జరగడం నేను చూస్తూనే ఉంటాను. మీరు మాత్రం ఉన్న గీత మీదే ఉండండి. వెనక్కి తిరిగి చూడనక్కర్లేదు. మీరు ఎవరినైనా దాటేటప్పుడు గంట కొడితే సరిపోతుంది. గుర్రం కనబడితే మాత్రం గంట వద్దు, అది బెదురుతుంది. నెమ్మదించి, నోటితో ఒకమాట చెప్పి దాటండి. వియన్నా నుంచి పర్సెల్‌విల్ దాకా పక్కనే 32 మైళ్లు గుర్రాలకని వేరే కంకర బాట ఉంది. ‘గుర్రమేమిటండీ ఇక్కడ’ అని ఆశ్చర్యపోకండి.

ఎటు వెళ్లాలంటే, మొదట పడమటికి, లీస్‌బర్గ్ వైపు. తూర్పుకు వెళ్తే కిటికీల్లేని డేటా సెంటర్లు వరసగా తగులుతాయి. మీ అబ్బాయి ఉద్యోగం అందులోనే అయితే తప్ప చూడడానికేమీ లేదు, వాటి ఫ్యాన్ల హోరు తప్ప. పడమటికి కొద్ది మైళ్లలోనే గూస్ క్రీక్ వంతెన వస్తుంది. కింద నీళ్లు, రెండువైపులా చెట్లు. అక్కడ కాసేపు నిలబడి వెనక్కి వచ్చేయండి. మొదటివారం అంతకంటే వద్దు.

రోడ్డు అడ్డం వచ్చినచోట దిగి, నడిపించుకుంటూ దాటండి. కార్లు ఆగుతాయి, వాళ్ల మర్యాదకి మనం ఆశ్చర్యపోయేంతగా ఆగుతాయి. కానీ రెండో లేన్‌లో వచ్చేవాడు మిమ్మల్ని చూశాడో లేదో మీకు తెలియదు. దారి పొడవునా అరమైలుకొక గుర్తు ఉంటుంది. ఆగినప్పుడల్లా దాని మీది అంకె చూసుకోండి. ఒంట్లో బాగోలేక ఫోన్ చేయాల్సి వస్తే ‘చెట్ల మధ్య ఎక్కడో ఉన్నా’ననడం కంటే ‘ముప్ఫయ్యో మైలు దగ్గర’ అంటే అబ్బాయైనా అంబులెన్సయినా తిన్నగా వస్తారు. శని, ఆదివారాల పొద్దున్న రంగురంగుల బిగుతు బట్టలవాళ్లు గుంపులుగా దూసుకుపోతుంటారు, ఆ టెన్షన్ మీకెందుకు? మంగళవారం పది గంటలకు వెళ్లండి, దారంతా మీదే.

ప్రశ్న: హెర్న్‌డన్‌లో ఉంటాను, వయసు 29. కొత్తగా రోడ్ బైక్ కొన్నాను. ఫ్రెండ్స్‌తో కలిసి ఒక్కరోజులో 45 మైళ్లూ కొట్టేద్దామని ప్లాన్. తూర్పు నుంచి పడమరకా, పడమర నుంచి తూర్పుకా?

జవాబు: పడమర నుంచి తూర్పుకే బాబూ. కారణం రైలు. ఇది పాత రైలుకట్ట కాబట్టి ఎక్కడా నిటారు ఎత్తు ఉండదు, ఇంజన్లు ఎక్కలేవు కదా. కానీ లీస్‌బర్గ్ దాటాక క్లార్క్స్ గ్యాప్ దాకా ఒకటే ఎక్కుడు. కంటికి చదునుగానే ఉంటుంది, తొడలకు మాత్రం తెలుస్తుంది. తూర్పు నుంచి బయల్దేరితే మొత్తం దారిలోకెల్లా ఎత్తయిన ఆ చోటు, అప్పటికే 35 మైళ్లకు పైగా తొక్కాక ఎదురవుతుంది. పైగా పర్సెల్‌విల్‌లో దిగితే తిరిగి రావడానికి మెట్రో లేదు.

అందుకని ఎవరిచేతనైనా పొద్దున్నే పర్సెల్‌విల్ పాత స్టేషన్ దగ్గర దింపించుకోండి. 1904లో కట్టిన స్టేషన్, ఇంకా ముచ్చటగా ఉంది. క్లార్క్స్ గ్యాప్‌లో రాతి ఆర్చి కింద నుంచి వెళ్తారు, అక్కడ ఫొటోకి ఆగండి. అక్కణ్నుంచి లీస్‌బర్గ్ దాకా పెడల్ పెద్దగా తొక్కనక్కర్లేదు. ఆ ఊపులో వేగం మాత్రం పెంచకండి. చెట్ల వేళ్లు తారును పైకి లేపినచోట సన్న టైరు ఎగిరిపడుతుంది, ఆకుల నీడలో ఆ ఉబ్బు కనబడదు కూడా. వియన్నాలో మేపుల్ అవెన్యూ దగ్గర బుద్ధిగా బటన్ నొక్కి సిగ్నల్ కోసం ఆగండి.

చివరి అయిదు మైళ్ల గురించి నా అభిప్రాయం అడిగితే, వదిలేసినా నష్టం లేదు. ఐ-66 హైవే హోరు కొంతదూరం వెంటాడుతుంది. ఈస్ట్ ఫాల్స్ చర్చ్ దగ్గర మెట్రో ఎక్కితే సిల్వర్ లైన్ తిన్నగా మీ హెర్న్‌డన్‌లో దింపుతుంది. 2022 నవంబరులో యాష్‌బర్న్ దాకా పొడిగించినప్పటి నుంచీ మీకా సుఖం ఉంది. సైకిలుతో ఎస్కలేటర్ వద్దు, లిఫ్టులో వెళ్లండి. పెట్టెలో మధ్య తలుపు కాకుండా చివరి తలుపుల్లో ఎక్కండి. ‘లేదు, 45 అంటే 45 కొట్టాల్సిందే’ అంటారా, మీ కాళ్లు, మీ ఇష్టం.

ప్రశ్న: మా తొమ్మిదేళ్ల పాప రెండు ప్రశ్నలు అడుగుతోంది. వియన్నాలో ట్రెయిల్ పక్కన ఎర్ర రైలుపెట్టె ఎందుకుంది? దారి పొడవునా అంత పెద్ద కరెంటు తీగలెందుకు?

జవాబు: రెండింటికీ జవాబు ఒకటేనమ్మా. 1859 నుంచి 1968 వరకు ఇక్కడ రైలు నడిచింది. గూడ్సు బండి చివర సిబ్బంది కూర్చునే పెట్టె అది. మన ఊళ్లో గార్డు పెట్టె అంటామే, అదన్నమాట. కట్ట వెంట కరెంటు కంపెనీ తీగలు అప్పటికే ఉండేవి. రోడ్లూ లారీలూ పెరిగి రైలు మూతపడ్డాక స్థలాన్ని ఆ కంపెనీయే కొనుక్కుంది. తీగల కింద నేల ఖాళీయే కదా. పార్కులవాళ్లు 1974లో ఫాల్స్ చర్చ్‌లో కొంత ముక్క తెరిచి చూశారు. జనం ఎగబడ్డారు. తర్వాత ముక్క ముక్కగా పెంచుకుంటూ 1988కి పర్సెల్‌విల్ చేర్చారు. వెడల్పు వంద అడుగులు మాత్రమే ఉన్న ఇంత పొడుగాటి పార్కు పాపకి మ్యాపులో చూపించు, నవ్వుతుంది.

ప్రశ్న: పాములుంటాయా?

జవాబు: ఉంటాయి. నల్లటి పొడుగాటివి ఎండకు తారు మీద పడుకుంటాయి. విషం లేనివే ఎక్కువ, కానీ కాపర్‌హెడ్ అనే విషసర్పం కూడా ఈ ప్రాంతంలో ఉంది. ఏదైనా సరే దూరంగా ఆగండి, అదే పోతుంది. నాకు పాము కంటే గడ్డిలో ఉండే టిక్స్ అనే రక్తం పీల్చే చిన్న పురుగులంటేనే భయం, లైమ్ జబ్బు తెస్తాయి. ఇంటికెళ్లగానే సాక్సు అంచులు, మోకాలి వెనక చూసుకోండి. మూడేసి ఆకుల తీగ కనబడితే చెయ్యి పెట్టకండి, ఒళ్లంతా దద్దుర్లే.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఇలాంటిది ఎప్పటికొస్తుంది?

జవాబు: ఇలాంటిది కాదు గానీ, మీకొకటి వచ్చింది. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్‌ను 2023 అక్టోబరు 1న తెరిచారు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా 8.5, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5. చెట్ల నీడ లేదు, పలకల నీడ ఉంది. మన ఎండకి అది తక్కువేం కాదు. వాగులూ వంతెనలూ అడక్కండి, పక్కన కార్ల హోరు మాత్రం ఉచితం.

ప్రశ్న: చుడీదార్‌లో తొక్కొచ్చా? అందరూ పొట్టి బట్టల్లో ఉంటారు, నాకు మొహమాటం.

జవాబు: నేను తొక్కేది కుర్తాలోనే. ఎవరూ చూడరు, చూసినా ‘గుడ్ మార్నింగ్’ అంటారు. చున్నీ ఇంట్లో వదిలేయండి. కుడికాలి ప్యాంటు అంచును వెడల్పాటి రబ్బరు బ్యాండుతో బిగించండి, చైను అటే ఉంటుంది. కుర్తా వెనక కొస సీటు కింద వేలాడకుండా ముడి వేసుకోండి. హెల్మెట్ కింద కొప్పు పట్టదు, జడే వేసుకోండి.