మొదటిసారి కెప్టెన్‌గా వెళ్తుంటే వచ్చే భయం ఎప్పుడు పోతుంది?

చిన్న వయసులోనే ఓడ చేతికి వస్తోందని, మీకంటే పెద్దవాళ్ళు మీ కింద పనిచేస్తారని, అసలు మీకు ఆ అర్హత ఉందా అని నిద్ర పట్టడం లేదని రాశారు. ఈ భయం ఎప్పుడు పోతుందని అడిగారు. నాకైతే పూర్తిగా పోలేదు. పోనక్కర్లేదని మాత్రం మొదటి ఓడ మీదే తెలిసింది.

కెప్టెన్ తర్వాతి స్థానమైన చీఫ్ ఆఫీసర్‌గా ఉన్నంతకాలం ఎంత కష్టమైన వాచ్ (ఓడ నడిపే డ్యూటీ) అయినా ఒక ధైర్యం ఉండేది: ఫోన్ చేస్తే కెప్టెన్ బ్రిడ్జి మీదకు, అంటే ఓడ నడిపే గదిలోకి, వస్తారు. కెప్టెన్ అయ్యాక మొదటి రాత్రి, వాచ్‌లో ఉండేవాళ్ళకు కెప్టెన్ రాసిపెట్టే నైట్ ఆర్డర్స్‌లో "ఏమాత్రం అనుమానం వచ్చినా నన్ను పిలవండి" అని రాశాను. సంతకం పెడుతుంటే తట్టింది, ఇక నేను పిలవడానికి ఓడలో ఎవరూ లేరని. ఆ ఒంటరితనానికి ఏ పరీక్షా మనల్ని సిద్ధం చేయదు.

తర్వాత చైనా, కొరియాల మధ్య ఉన్న ఎల్లో సీలో దట్టమైన పొగమంచు పట్టుకుంది. రాడార్ నిండా చేపల పడవలు. రేవుకు ఎప్పుడు చేరతారని చార్టరర్ (ఓడను అద్దెకు తీసుకున్నవారు) నుంచి మెసేజ్ మీద మెసేజ్. ఒకటే టెన్షన్. నా మనసులో రెండు సందేహాలు కలగలిసిపోయాయి: ఈ వేగం ఇక్కడ తగునా అనేది ఒకటి, తగ్గిస్తే కుర్రాడు భయపడ్డాడనుకుంటారేమో అనేది ఇంకొకటి. మొదటిది సముద్రం గురించి, రెండోది నా పరువు గురించి. వాటిని విడదీసి చూశాక ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు. ఇంజన్ స్టాండ్‌బైలో, అంటే ఏ క్షణాన కావాలన్నా వేగం మార్చేలా సిద్ధంగా, పెట్టించి, వేగం తగ్గించి, చుట్టూ కనిపెట్టి చూసే లుకౌట్‌కు ఇంకొకరిని నిలబెట్టాం. రెండు నిమిషాల లోపే మళ్ళీ మళ్ళీ హారన్ మోగించాం. ఓడలు ఢీకొనకుండా పెట్టిన అంతర్జాతీయ నియమాలు, 1972 నాటి కాల్రెగ్స్, చెప్పేదీ అదే. భద్రత కోసం కెప్టెన్ తీసుకునే నిర్ణయాన్ని ఓనర్ గానీ చార్టరర్ గానీ అడ్డుకోకూడదని సముద్రంలో ప్రాణరక్షణ కోసం చేసుకున్న అంతర్జాతీయ ఒప్పందం సోలాస్‌లో ఉంది. పరీక్షకు బట్టీ పట్టిన ఆ మాట విలువ ఆ రాత్రే తెలిసింది.

కెప్టెన్ అంటే గట్టి గొంతు, తడుముకోని జవాబు అనుకునేవాణ్ణి. నేను అలాంటి మనిషిని కాను, నాకు అడిగి తెలుసుకునే స్వభావం. ఆ రాత్రి కూడా నాకంటే చాలా పెద్దవారైన చీఫ్ ఆఫీసర్‌ని "మీకేమనిపిస్తోంది?" అని అడిగాను. "కాస్త బయటి నుంచి వెళ్దాం సార్, అటు పడవలు పలచగా ఉన్నాయి" అన్నారు. చార్ట్ చూసి, లోతు సరిచూసుకుని, సరేనన్నాను. సలహా ఆయనదే, బాధ్యత నాదే. అడిగినందువల్ల నా మాటకు విలువ తగ్గలేదు. పైగా ఆ తర్వాత ఆయనే వచ్చి విషయాలు చెప్పేవారు.

పాత కెప్టెన్ ఓడను మీకు అప్పగించే హ్యాండోవర్‌లో కాగితాలు ఎలాగూ చూస్తారు. ఓడ గుణం గురించి ఎక్కువ అడగండి: పూర్తి లోడుతో ఆగడానికి ఎంత దూరం పడుతుంది, ఇంజన్ వెనక్కి వేస్తే వెనక భాగం ఎటు జారుతుంది, గాలికి ఎలా ప్రవర్తిస్తుంది. వీలైతే తెరిచిన సముద్రంలో మీరే ఒకసారి తిప్పి చూసుకోండి. సిబ్బంది గురించి పాత కెప్టెన్ ఏం చెప్పినా వినండి, కానీ ఎవరెలాంటివారో కొన్నాళ్ళు వాళ్ళతో వాచ్‌లో నిలబడి మీరే చూసుకోండి.