బండి వైద్యం: ఒంటికన్ను కార్వెట్

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. నిరుడు 1976 నాటి కార్వెట్ స్టింగ్‌రే అనే అమెరికన్ స్పోర్ట్స్ కారు కొన్నాను. దీని హెడ్‌లైట్లు బాడీలో దాగి ఉండి, కావలసినప్పుడు పైకి లేస్తాయి. హెడ్‌లైట్ స్విచ్ లాగితే కుడి దీపం టక్కున లేస్తుంది. ఎడమది తీరిగ్గా లేచి, ఒక్కోసారి సగంలో ఆగిపోతుంది. ఈ మధ్య డాష్‌బోర్డు వెనక బుస్సుమని చప్పుడు వస్తోంది, సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ వణుకుతోంది. దీపాల్ని లేపే పైపులన్నీ పీకేసి ఎలక్ట్రిక్ మోటార్లు పెడదామంటున్నాడు మెకానిక్. ఒప్పుకోమంటారా?

జవాబు: అప్పుడే ఒప్పుకోకండి. 1968 నుంచి 1982 దాకా వచ్చిన కార్వెట్లలో దీపాల్ని లేపేది మోటారు కాదు, ఇంజిన్ పీల్చుకునే శక్తి, అంటే వ్యాక్యూమ్. ఇంజిన్‌లోకి గాలిని పంచే గొట్టం, అంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్, దగ్గర మొదలైన హోస్ పైపు ఒక వన్‌వే వాల్వు దాటి ట్యాంకుకు చేరుతుంది. అక్కణ్ణుంచి వ్యాక్యూమ్ దారి మళ్లించే రిలే వాల్వుల మీదుగా ఒక్కో దీపం వెనక ఉన్న రేకు డబ్బాకు వెళ్తుంది. డబ్బా లోపలి రబ్బరు పొర (డయాఫ్రమ్) కదిలితేనే దీపం కదులుతుంది. డాష్‌బోర్డులో మీరు లాగే స్విచ్ కరెంటుతో పాటు ఈ వ్యాక్యూమ్‌నూ మారుస్తుంది.

మీ ఉత్తరం చూస్తే లీకులు రెండున్నట్టు తోస్తోంది. కుడి దీపం చురుగ్గానే లేస్తోంది కాబట్టి ట్యాంకు మీద, వన్‌వే వాల్వు మీద నాకు పెద్దగా అనుమానం లేదు. అనుమానితుల్లో ఎడమ డబ్బా, దానికి వచ్చే రెండు పైపులు ఒక జట్టు. హెడ్‌లైట్ స్విచ్, దీపాల్ని వెలిగించకుండానే లేపడానికి స్టీరింగ్ కింద ఉండే ఓవర్‌రైడ్ స్విచ్, వాటి సన్న పైపులు ఇంకో జట్టు. ఆ బుస్సు ఇక్కడిదే అయ్యుండాలి. ఇంజిన్ వణుకూ దీనివల్లే రావచ్చు. గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్ దాటాక దొంగదారిన గాలి చొరబడితే పెట్రోలు వాటా తగ్గి ఐడ్లింగ్, అంటే బండి ఆగి ఉన్నప్పటి ఇంజిన్ నడక, చెడుతుంది. తేల్చుకోవడం తేలికే. డాష్‌బోర్డు వైపు వెళ్లే పైపు ఊడదీసి మూతిలో బిరడా బిగించండి. అమెరికాలో దీనికి గోల్ఫ్ టీ (గోల్ఫ్ బంతిని నిలబెట్టే చిన్న మేకు) వాడతారు, సరిగ్గా సరిపోతుంది. వణుకు తగ్గిందా, దొంగ దొరికినట్టే.

ఎడమ డబ్బాకు గేజీ ఉన్న చేతి వ్యాక్యూమ్ పంపు తగిలించి గేజీ ముల్లు 15 అంగుళాలు చూపేదాకా లాగండి. ముల్లు నిలబడితే డబ్బా మంచిదే. జారిపోతే డయాఫ్రమో, కడ్డీ దగ్గరి రబ్బరు సీలో పోయింది. రెండూ బాగుంటే దీపం కీళ్లలో గ్రీజు ఎండిపోయిందేమో చూడండి. లీకు వెతకడానికి కార్బ్ క్లీనర్ (కార్బురేటర్ కడిగే స్ప్రే) చల్లమని ఎవరైనా చెబితే వినకండి. వేడి ఇంజిన్ మీద అది అంటుకుంటుంది, ఫైబర్‌గ్లాస్ బాడీ మీది రంగునూ తినేస్తుంది.

పైపు చివర మాత్రమే చీలి, మిగతాది మెత్తగా ఉంటే ఆ ముక్క కోసేసి మళ్లీ తొడిగితే చాలు. వంచగానే పగుళ్లు కనిపిస్తే పైపంతా మార్చాల్సిందే. టేపు, సిలికాన్ పూత నాలుగు రోజుల ముచ్చట. అక్వేరియం గొట్టం అసలే వద్దు, వేడికి మెత్తబడి లోపలికి అతుక్కుపోతుంది. పాత పైపుల మీద రంగు చారలుంటాయి. ఫొటో తీసుకుని, ఒకటి మార్చాకే రెండోది ఊడదీయండి. స్విచ్ మీది ప్లాస్టిక్ ముక్కులు పెళుసు. పైపును గుంజకుండా బ్లేడుతో నిలువునా చీల్చి తీయండి.

వేళ్లు జాగ్రత్త. ఇంజిన్ ఆపినా ట్యాంకులో వ్యాక్యూమ్ మిగిలే ఉంటుంది, దీపం ఒక్కసారిగా మూసుకోగలదు. బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే బ్రేక్ బూస్టర్‌కీ ఆ మానిఫోల్డే ఆధారం. పెడల్ ఏ రోజైనా గట్టిపడితే దీపాల సంగతి తర్వాత, ముందు బండి షెడ్డులో పెట్టండి. ఇక ఎలక్ట్రిక్ మోటార్లంటారా, పాపమేం కాదు. కానీ ఆ దీపాలు బద్ధకంగా లేవడం చూసి ముచ్చటపడేగా ఈ కారు కొన్నారు!

ప్రశ్న: మా పాత డీజిల్ జీపులో పొద్దున్నే బ్రేకు గట్టిగా ఉంటోంది. ఇదీ పైపు లీకేనా?

జవాబు: కావచ్చు. కాకపోతే డీజిల్ ఇంజిన్‌కు మానిఫోల్డ్‌లో మామూలుగా చాలినంత వ్యాక్యూమ్ పుట్టదు కాబట్టి విడిగా పంపు పెడతారు. చాలా బళ్లలో అది బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. ముందు బూస్టర్ పైపు చూడండి. ఆయిల్ తాగి ఉబ్బి మెత్తబడితే పంపు సీలు కూడా పోయినట్టే, రెండూ కలిపి మార్పించండి.