మెనూ పోయిందంటే లినక్స్ పోయినట్టు కాదు

ప్రశ్న: మాది కావలి. లాప్‌టాప్‌లో విండోస్ 11, లినక్స్ రకాలైన ఉబుంటు, డెబియన్ మూడూ పెట్టుకున్నాను. మొన్న విండోస్ పెద్ద అప్‌డేట్ అయ్యాక ఆన్ చేస్తే ఏ సిస్టమ్ కావాలో ఎంచుకునే మెనూనే రావడం లేదండీ, తిన్నగా విండోస్‌లోకి పోతోంది. నెల్లూరులో ఒక షాపులో చూపిస్తే లినక్స్‌లు రెండూ పోయాయి, ఫార్మాట్ కొట్టాల్సిందే అన్నారు. నా ప్రాజెక్టంతా డెబియన్‌లో ఉంది, ఒకటే టెన్షన్. పైగా ఉబుంటు వాడి విండోస్‌కి వస్తే గడియారం ఐదున్నర గంటలు వెనక ఉండేది, అదేంటో కూడా చెప్పండి.

జవాబు: ఫార్మాట్ మాట పక్కన పెట్టండి. గూడూరు దాకా ఒకటే రైలు లైను, అక్కడ పాయింట్లు ఎటు వేస్తే బండి అటు మద్రాసుకో ఇటు తిరుపతికో పోతుంది కదా, మీ లాప్‌టాప్‌లోనూ జరిగింది అంతే, పాయింట్లు విండోస్ వైపు పడ్డాయి. పట్టాలు ఎక్కడికీ పోలేదు.

ఆన్ చేసిన వెంటనే ఎఫ్12 నొక్కుతూ ఉండండి, హెచ్‌పీ అయితే ఎఫ్9. వచ్చే జాబితాలో ఉబుంటు, డెబియన్ పేర్లు కనబడితే డెబియన్‌లోకి వెళ్లి, వేరే ఏ పనీ పెట్టుకోకుండా ముందు ప్రాజెక్టు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. తర్వాత బయోస్ (లాప్‌టాప్ ఆన్ అవగానే ముందు నడిచే ప్రోగ్రామ్) సెట్టింగుల్లో బూట్ ఆర్డర్‌లో, అంటే ఏది ముందు లేవాలో చెప్పే వరసలో, లినక్స్‌ని పైకి జరిపితే చాలు. అక్కడ చెయ్యి పెట్టేముందు బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే ఆ 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి, అడిగినప్పుడు వెతుక్కుంటే దొరకదు. జాబితాలో పేర్లే లేకపోతే లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్) బూట్ చేసి గ్రబ్, అంటే ఆ మెనూ చూపించే ప్రోగ్రామ్, ఒక్కటే మళ్లీ ఎక్కించుకోవచ్చు, దానికీ ఫార్మాట్ అక్కర్లేదు.

అసలు చిక్కు లినక్స్‌లు రెండు ఉండటం. దేని గ్రబ్ దానిదే, ఈఎఫ్ఐ పార్టిషన్‌లో (బూట్ ఫైళ్లు ఉండే డిస్క్ భాగం) చెరో ఫోల్డరూ ఉంటుంది. పెత్తనం ఒకదానికే ఇవ్వండి. ఉబుంటుకి ఇచ్చారనుకుందాం, డెబియన్‌లో కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) మారిన ప్రతిసారీ ఉబుంటులోకి వచ్చి 'సుడో అప్‌డేట్-గ్రబ్' కొట్టాలి, లేకపోతే మెనూలో పాత కెర్నలే కనబడుతుంది. ఈ మాట ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎవరూ చెప్పరు. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి పక్క సిస్టమ్‌లని వెతకడం డిఫాల్ట్‌గా ఆపేశారు కూడా, మెనూలో విండోస్ కనబడకపోతే గ్రబ్ సెట్టింగుల ఫైల్లో 'గ్రబ్ డిజేబుల్ ఓఎస్ ప్రోబర్' లైను ఫాల్స్ చేసి మళ్లీ అదే కమాండ్ కొట్టండి. అక్కర్లేదనిపించిన లినక్స్ పార్టిషన్‌ని మాత్రం విండోస్‌లోంచి తీసెయ్యొద్దు, నేను ఒకసారి తీసేసి గ్రబ్ రెస్క్యూ నల్ల తెర ముందు తెల్లవార్లూ కూర్చున్నాను.

గడియారం సంగతి సులువు. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) టైమ్ రాస్తుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది, ఐదున్నర గంటల తేడా అదే. లినక్స్‌లో 'టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1' కొట్టండి. ఉబుంటు, డెబియన్ రెండింటిలోనూ కొట్టాలి, ఒకదాంట్లో వదిలేస్తే అది మళ్లీ పాత పద్ధతిలోనే రాస్తుంది.