వెనక బ్రేక్ పిస్టన్ లోపలికి పోకపోతే బలవంతం చేయకండి

కారు వెనక బ్రేక్ ప్యాడ్లు మారుస్తుంటే, సీ-క్లాంప్ (C ఆకారపు బిగింపు పనిముట్టు) ఎంత బిగించినా పిస్టన్ కదలడం లేదని మీరన్నారు. ముందు ఆ క్లాంప్ వదులు చేయండి. కాలిపర్ (పిస్టన్‌తో ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) పాడైందని టెన్షన్ పడకండి, కారణం చాలావరకు వేరే. మీది స్విచ్‌తో పనిచేసే ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్. కాలిపర్ వెనకున్న చిన్న మోటారు ఒక స్క్రూను తిప్పితే, దానిమీది నట్టు ముందుకు జరిగి పిస్టన్‌ను నొక్కుతుంది. ఆ నట్టు పూర్తిగా వెనక్కి పోనిదే పిస్టన్‌కు చోటుండదు. ఇంకా బిగిస్తే లోపలి స్క్రూ, గేర్లు దెబ్బతింటాయి.

స్విచ్‌తో బ్రేక్ వదిలితే సరిపోదు, నట్టు కొద్దిగానే వెనక్కొస్తుంది. స్కాన్ టూల్‌తో (కారు కంప్యూటర్‌కు తగిలించే పరికరం) బ్రేక్‌ను సర్వీస్ మోడ్‌లో, అంటే నట్టు పూర్తిగా వెనక్కి పోయే స్థితిలో పెట్టాలి. కొన్ని కార్లలో పెడల్, స్విచ్ వాడి కూడా పెట్టొచ్చు, ఆ వరుస సర్వీస్ మాన్యువల్లో చూడండి. అప్పుడు పార్కింగ్ బ్రేక్ ఉండదు కాబట్టి ముందు చక్రాలకు అడ్డు తప్పనిసరి. బ్యాటరీ బలహీనంగా ఉంటే ఛార్జర్ తగిలించండి, మోటారు మధ్యలో ఆగిపోతే తలనొప్పే.

తర్వాత పిస్టన్‌ను తిప్పకుండా నిదానంగా నేరుగా నెట్టండి. తిప్పుతూ లోపలికి పంపడం ఎక్కువగా కేబుల్ హ్యాండ్‌బ్రేక్ ఉండే కాలిపర్ల పద్ధతి. నెట్టేటప్పుడు రిజర్వాయర్‌లో (బ్రేక్ ఆయిల్ డబ్బా) ఫ్లూయిడ్ పొంగుతుందేమో గమనించండి, అది పెయింట్‌ను తినేస్తుంది.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు: ప్యాడ్లు, డిస్క్ లేనప్పుడు ఎవరూ ఆ స్విచ్ ముట్టుకోకూడదు, పిస్టన్ బయటికి తోసుకొచ్చేస్తుంది. అన్నీ బిగించాక, బ్రేక్ పెడల్ గట్టిపడేదాకా తొక్కి, ఆ తర్వాతే సర్వీస్ మోడ్ నుంచి బయటికి రండి.