ఆధార్ అడక్కుండా, తాగొచ్చినా రానిచ్చే నైట్ షెల్టర్ పెడితే అది తాగుబోతుల అడ్డా అయిపోదా?

గొడవలు ఉంటాయి, ఉండవని చెప్పను. 2018, 2019 చలికాలాల్లో సికింద్రాబాద్‌లో ఒక సంస్థ తరఫున వలంటీరుగా రాత్రిపూట తిరిగాను. ఫుట్‌పాత్‌ల మీద పడుకున్నవాళ్ళ దగ్గరికెళ్ళి "షెల్టర్‌కి వస్తారా?" అని అడగడం మా పని. పదిమందిని అడిగితే ఒకరు లేచేవారు. మిగతావాళ్ళు దుప్పటి ఉంటే ఇచ్చి పొమ్మనేవారు. లోపల మంచం, ఫ్యాను, బాత్రూమ్ ఉన్నాయి, పైసా అడగరు, ఇంకేం కావాలి వీళ్ళకి అని మొదట్లో ఒళ్ళు మండేది నాకు.

చిత్తుకాగితాలు ఏరుకునే ఒక పెద్దాయన ఉండేవాడు. వరసగా మూడు రాత్రులు అడిగేసరికి విసుక్కున్నాడు. "నేనొస్త బిడ్డా, నా మూటేడ పెడ్తవ్?"

మూటంటే రోజంతా ఏరిన సీసాలు, అట్టలు. పొద్దున కబాడీ దుకాణంలో వేస్తేనే టీ డబ్బులు. వాసనొస్తుందని దాన్ని షెల్టర్‌లోకి రానివ్వరు, బయట పెడితే తెల్లారేసరికి ఉండదు. పైగా గేటు తొమ్మిదిన్నరకి మూసేవారు. దుకాణాలు కట్టేసి అట్టపెట్టెలు బయట పడేసే వేళ అది, ఆయన అసలు పని మొదలయ్యేదే అప్పుడు. మందు వేసుకునేవాడా అంటే, వేసుకునేవాడు. లారీల మోతలో నిద్ర పట్టాలిగా.

కాగితం మీద అంతా బాగానే ఉంది. ఐదు లక్షల జనాభా దాటిన నగరాల్లో లక్షకొకటి చొప్పున, ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచుండే షెల్టర్లు ఉండాలని ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మనిషికి 50 చదరపు అడుగులని కొలత కూడా రాసింది. కానీ గేటు దగ్గరుండేది కేర్‌టేకర్. ఏదన్నా జరిగితే పోయేది అతని ఉద్యోగం. అందుకే ఆధార్ అడుగుతాడు. అతన్ని తప్పుపట్టలేను.

బయట పడుకునేవాళ్ళకి ఇంకో భయం ఉంది. 2017 నవంబర్‌లో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు ముందు హైదరాబాద్‌లో భిక్షాటన నిషేధించి, దొరికినవాళ్ళని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ళ ఆవరణల్లోని ఆశ్రమాలకి తరలించారు. ఆ తర్వాతి చలికాలంలో కూడా మా వ్యాన్ లైట్లు కనబడితే కొందరు లేచి సందుల్లోకి పోయేవారు.

మేం వెళ్ళే షెల్టర్‌లో సూపర్‌వైజరమ్మ ఒక పని చేసింది. మెట్ల కింద ఖాళీకి గ్రిల్ పెట్టించి మూటలకి ఇచ్చింది. గేటు పన్నెండు దాకా తెరిచి ఉంచింది. రిజిస్టర్‌లో పేరు చెబితే చాలు. తాగొచ్చినా పర్లేదు, సీసా మాత్రం లోపలికి రాకూడదు, తలుపు పక్క మంచాలు వాళ్ళకి. నెల తిరక్కుండానే నిండిపోయింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2015లో తెరిచిన నావిగేషన్ సెంటర్ అనే షెల్టర్‌లో కూడా సామాను, పెంపుడు జంతువు, తోడున్న మనిషి, మూడింటినీ రానిచ్చారని తర్వాత చదివాను. ఆ మూట గోల ఎక్కడైనా ఒకటే అన్నమాట.

గొడవల సంగతికొస్తే, ఒక రాత్రి ఒకతను వాంతి చేసుకుని పక్కాయనతో కలబడ్డాడు. పొద్దున్నే కూలి అడ్డాకి పోవాల్సిన ఇద్దరు మాకు నిద్ర కరువైందని వెళ్ళిపోయారు. వాళ్ళ బాధ నిజమే. ఆ తర్వాత తాగొచ్చినవాళ్ళని విడిగా ముందు గదిలో పడుకోబెట్టారు, చాలావరకు సర్దుకుంది. ఆడవాళ్ళ షెల్టర్‌లో మాత్రం ఈ సడలింపు నేనైతే ఒప్పుకోను. అక్కడికొచ్చేవాళ్ళలో చాలామంది తాగొచ్చి కొట్టే మొగుణ్ణి వదిలేసి వచ్చినవాళ్ళే. మొగుడూ పెళ్ళాం కలిసి ఉండే చోటు మాత్రం మేం చూపించలేకపోయాం. అలాంటి జంటలు ఫుట్‌పాత్ మీదే ఉండిపోయారు.

పెద్దాయన గ్రిల్ పెట్టిన వారానికి వచ్చాడు. మొదటి రాత్రి నాలుగుసార్లు లేచి మూట చూసుకున్నాడట. కేర్‌టేకర్ తిట్టుకుంటూ చెప్పాడు.