పైలట్ ఉద్యోగంలో అసలు ప్రమాదం నిద్రలేమి

ఇంటర్ పూర్తయిన కుమారుణ్ణి పైలట్ శిక్షణకు పంపాలనుకుంటున్న ఒక తండ్రి, ఈ వృత్తిలో ప్రాణాపాయం ఎంత ఉంటుందని అడిగారు. గల్ఫ్ మార్గాల్లో చాలా ఏళ్లు ప్రయాణికుల విమానాలు నడిపి విరమించుకున్నవాణ్ణి కనుక సమాధానం ఇస్తున్నాను.

అన్ని రకాల విమానాలనూ ఒకే గాటన కట్టకూడదు. 2009 సెప్టెంబరు 2న నల్లమలలో ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ కూలినప్పుడు పైలట్లిద్దరూ పోయారు. 2023 డిసెంబరులో దుండిగల్ నుంచి బయలుదేరిన వాయుసేన శిక్షణ విమానం తూప్రాన్ దగ్గర కూలి మరో ఇద్దరు మరణించారు. ఆ రంగాలలో అపాయం నిజంగానే ఎక్కువ. ప్రయాణికుల విమానాల సంగతి వేరు. రాత్రి డ్యూటీ ముగించుకొని నిద్రమత్తులో కారు నడుపుకుంటూ ఇంటికి రావడమే నన్ను ఎక్కువ భయపెట్టేది.

ఒకసారి రాత్రంతా మేలుకొని దుబాయ్ నుంచి హైదరాబాద్ వస్తున్నాము. తూర్పు దిక్కుగా ప్రయాణం కాబట్టి ఉదయించే సూర్యుడు సూటిగా కళ్లలో పడుతున్నాడు. ఏడు వేల అడుగులకు దిగమని కంట్రోలర్ చెప్పగా, నా పక్కనున్న కోపైలట్ ఆ అంకెనే స్పష్టంగా తిరిగి చెప్పాడు. చేయి మాత్రం, దిగాల్సిన ఎత్తును అమర్చే నాబ్‌ను ఆరు వేల దగ్గర ఆపింది. చూడమన్నాను. ఆ అంకె వైపు కాసేపు చూసి, “సరిగ్గానే ఉంది కదా సర్” అన్నాడు. చాలా చురుకైన కుర్రవాడు; పక్కింట్లో స్లాబు పని జరుగుతుండటంతో ముందురోజు మధ్యాహ్నం నిద్రపోలేదట, అంతే. నాబ్ సరిచేశాము, మామూలుగానే దిగాము, ప్రయాణికులు ఎప్పటిలాగే చక్రాలు ఆగకముందే లేచి సామాన్లు దించుకున్నారు.

ఇది అతిశయోక్తి అనుకునేవారు 2010 మే 22 నాటి మంగళూరు దుర్ఘటనను గుర్తుచేసుకోవాలి. దుబాయ్ నుంచే వచ్చిన ఆ విమానంలో కెప్టెన్ గంటన్నరకు పైగా నిద్రపోయాడని, దిగే సమయంలో కోపైలట్ మళ్లీ పైకి లేపుదామని హెచ్చరించినా వినలేదని విచారణలో తేలింది. 158 మంది చనిపోయారు. పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచి, రాత్రి ల్యాండింగులను ఆరు నుంచి రెండుకు తగ్గించే నిబంధనలు పూర్తిగా అమలులోకి వచ్చేసరికి 2025 నవంబరు అయింది. ఆ నిబంధనలకు సరిపడా పైలట్లను సిద్ధం చేసుకోని ఇండిగో మరుసటి నెలలోనే వేల విమానాలను రద్దు చేయగా, ప్రభుత్వం ఆ సంస్థకు తాత్కాలిక సడలింపు ఇచ్చింది. తిట్లు మాత్రం పైలట్ల విశ్రాంతికే పడ్డాయి!

మరొక అపాయం బతుకుతెరువుది. ఏడాదికొకసారి, 60 దాటితే 6 నెలలకొకసారి జరిగే వైద్య పరీక్షలో తప్పితే జీతం ఆగిపోతుంది. అందువల్ల నిద్ర పట్టడం లేదనో, మనసు బాగాలేదనో డాక్టరుకు చెప్పే పైలట్ అరుదు. బంధువులు మాత్రం టికెట్ల గురించే అడుగుతారు.

కాబట్టి, అయ్యా, లక్షల ఫీజు కట్టకముందే మీ అబ్బాయికి పైలట్లకు తప్పనిసరైన క్లాస్ 1 వైద్య పరీక్ష చేయించండి. పట్టపగలు, వీధిలో మైకు మోగుతున్నా, కిటికీలు మూసుకొని నిద్రపోగలడో లేదో కూడా గమనించండి.