ఓటు హక్కు వల్ల వివక్షకు గురైనవాళ్ల బతుకు నిజంగా మారుతుందా? ఎకనామిక్స్‌లో దీన్ని తేల్చగలరా?

మీరు రెండు విషయాలు అడిగారు. అమెరికాలో నల్లజాతి వాళ్లకు, ఆడవాళ్లకు ఓటు వచ్చాక చేతికి అందింది ఏమైనా ఉందా, లేక అదంతా మాటలకేనా అన్నది ఒకటి. ఎంఏ తర్వాత దీని మీద పరిశోధన చేయొచ్చా అన్నది రెండోది. నేను అక్కడి ఒక యూనివర్సిటీలో రెండేళ్లు రీసెర్చ్ అసిస్టెంట్‌గా ఇలాంటి లెక్కల మీదే పనిచేశాను. మొదటిదానికి నా జవాబు సూటిగా చెప్తాను. అందింది. డబ్బు రూపంలో అందింది, పసిపిల్లల ప్రాణాల రూపంలోనూ అందింది.

1950లు, 60ల నాటి కౌంటీల (మన జిల్లాల్లాంటివి) జమాఖర్చుల పట్టికలు స్కాన్ చేసి ఇస్తే, వాటిలోని అంకెలు కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. ఒకే పేజీని ఇద్దరం విడివిడిగా టైప్ చేసేవాళ్లం. తేడా వచ్చిన చోట మళ్లీ చూసేవాళ్లం. సిరా అలుక్కుపోయి 3 ఏదో 8 ఏదో తెలియకపోతే, ఆ వరస మొత్తం కూడి, కింద వేసిన టోటల్‌కి ఏది సరిపోతే అది ఉంచేదాన్ని.

మూడో నెలలో ఒక గ్రాఫ్ గీశాను. ఓటింగ్ ఎక్కువ జరిగిన కౌంటీలకు రాష్ట్రం నుంచి నిధులు ఎక్కువ వచ్చాయి. గీత చక్కగా పైకి వెళ్తోంది. సంబరంగా ప్రొఫెసర్ మేడమ్‌కి చూపించాను. ఆవిడ చూసి, "ఓటు ముందా, డబ్బు ముందా?" అని ఒక్క మాట అడిగారు. నా దగ్గర జవాబు లేదు. బాగా ఉన్న కౌంటీల్లో చదువుకున్నవాళ్లు ఎక్కువ, వాళ్లు ఓటూ ఎక్కువ వేస్తారు, పైస్థాయిలో పలుకుబడీ ఉంటుంది. ఓటు వల్లే డబ్బు వచ్చిందని నా గ్రాఫ్ చెప్పడం లేదు. ఈ రంగంలో అసలు కష్టమంతా ఇక్కడే ఉంది.

ఆ రోజు ఆవిడ చదవమని ఇచ్చిన పరిశోధనా పేపర్ ఎలిజబెత్ కాసియో, ఎబోన్యా వాషింగ్టన్ అనే ఎకనామిస్టులు కలిసి 2014లో ప్రచురించింది. దక్షిణాది రాష్ట్రాలు కొన్నింటిలో ఓటరుగా నమోదు కావాలంటే అక్షరాస్యత పరీక్ష ఉండేది. పేరుకే పరీక్ష. మిసిసిపీలో రిజిస్ట్రార్ చూపించిన రాజ్యాంగ సెక్షన్‌కి అర్థం రాయాలి, అది సరిగ్గా ఉందో లేదో తేల్చేది కూడా ఆ రిజిస్ట్రారే. ఆ పరీక్షను తీసేసిన 1965 ఓటింగ్ హక్కుల చట్టానికి ముందు, అక్కడ ఓటు వయసున్న నల్లజాతి వాళ్లలో ఓటరుగా నమోదైనవాళ్లు 7 శాతం కూడా లేరు. 1967 నాటికి 60 శాతానికి దగ్గరయ్యారు. ఇంత మార్పు రెండేళ్లలో చదువు పెరగడం వల్ల రాదు కదా, చట్టం వల్లే వచ్చింది. ఆ పరీక్ష రద్దయిన రాష్ట్రాల్లో నల్లజాతి జనాభా ఎక్కువున్న కౌంటీలను, ముందునుంచీ ఆ పరీక్ష లేని దక్షిణాది రాష్ట్రాల్లోని అలాంటి కౌంటీలతో పోల్చారు. పరీక్ష పోయిన చోట ఓటింగూ పెరిగింది, రాష్ట్రం పంపే నిధులూ పెరిగాయి. నేను టైప్ చేసిన పట్టికల్లో ఆ నిధులకు ఒక కాలమ్ ఉంది. పేపర్ చదివాక ఆ కాలమ్ ముందు కూర్చుంటే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆడవాళ్ల ఓటు సంగతి కూడా ఇలాంటిదే. అమెరికాలో రాష్ట్రాలన్నీ ఆడవాళ్లకు ఓటు ఒకేసారి ఇవ్వలేదు. వ్యోమింగ్ 1869లోనే, ఇంకా రాష్ట్రం కాక టెరిటరీగా ఉన్నప్పుడే ఇచ్చింది. దేశమంతటికీ వచ్చేసరికి 1920 అయింది. ఈ ముందూ వెనకలను వాడుకుని గ్రాంట్ మిల్లర్ అనే ఎకనామిస్ట్ 2008లో లెక్క తేల్చారు. ఆడవాళ్లకు ఓటు రాగానే ప్రజారోగ్యం మీద ఖర్చు పెరిగింది, ఇంటింటికీ తిరిగి శుభ్రత గురించి చెప్పే కార్యక్రమాలు పెరిగాయి, పిల్లల మరణాలు 8 నుంచి 15 శాతం దాకా తగ్గాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం ఎబోన్యా వాషింగ్టన్ 2008లో రాసిన పేపర్. అమెరికా ప్రతినిధుల సభలోని సభ్యులకు ఎంతమంది కూతుళ్లున్నారో చూశారు. పిల్లల సంఖ్య సమానంగా ఉన్న సభ్యులను పోలిస్తే, కూతుళ్లు ఎక్కువున్నవాళ్లు ఆడవాళ్ల విషయాల్లో, ముఖ్యంగా గర్భస్రావం వంటి పునరుత్పత్తి హక్కుల మీద, ఉదారంగా ఓటు వేశారు. పిల్లల సంఖ్య ఎందుకు సమానంగా ఉండాలంటే, ఎంతమందిని కనాలన్నది వాళ్ల నమ్మకాలను బట్టి మారుతుంది. పుట్టేది ఆడో మగో మాత్రం వాళ్ల చేతిలో లేదు. మా ఇంట్లో మేం ఇద్దరం ఆడపిల్లలం. ఇది చదివిన రోజు నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మీరు పుట్టకముందు ఆఫీసులో ఆడవాళ్ల సెలవు కాగితం వస్తే నేనూ విసుక్కునేవాణ్ణమ్మా" అన్నారు.

అన్నీ మంచి కబుర్లే ఉంటాయనుకోకండి. దక్షిణాది తెల్లవాళ్లు డెమొక్రటిక్ పార్టీకి ఎందుకు దూరమయ్యారని ఇలియానా కుజియెమ్కో అనే ఎకనామిస్ట్, ఎబోన్యా వాషింగ్టన్ కలిసి 2018లో పరిశీలించారు. ఆదాయాలు పెరగడం వల్లేనని చాలామంది అనేవారు. ఆదాయాల పాత్ర దాదాపు ఏమీ లేదని తేలింది. డెమొక్రటిక్ పార్టీకే చెందిన అధ్యక్షుడు కెనడీ 1963లో పౌరహక్కుల చట్టానికి పూనుకున్నాక, జాతి విషయంలో ఛాందసంగా ఉన్న తెల్లవాళ్లు వెళ్లిపోవడంతోనే ఆ నష్టం దాదాపు మొత్తం జరిగింది. హక్కు ఇస్తే ఎదురుదెబ్బ కూడా ఉంటుంది. అది దాచిపెట్టి చెప్పడం నాకు ఇష్టం లేదు.

ఇక మీ రెండో ప్రశ్న. చేయొచ్చు, తప్పకుండా రండి. "ఇది ఎకనామిక్స్ కాదు, సోషియాలజీ" అనేవాళ్లు నాకూ తగిలారు. పైన చెప్పిన పేపర్లన్నీ ఎకనామిక్స్‌లో పెద్ద జర్నళ్లలోనే వచ్చాయి కాబట్టి ఆ టెన్షన్ పెట్టుకోవద్దు. స్టాటిస్టిక్స్ గట్టిగా నేర్చుకోండి. ఎకనామెట్రిక్స్‌లో (ఎకనామిక్స్ డేటాకు వాడే స్టాటిస్టిక్స్) డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్ అనే పద్ధతి, అంటే చట్టం మారిన చోటునీ మారని చోటునీ ముందూ తర్వాతా పోల్చడం, బాగా వంటబట్టించుకోండి. లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్లలో స్టేటా (Stata) కానీ ఆర్ (R) కానీ, ఏదో ఒకటి చేతికి అలవాటు కావాలి. ఆ తర్వాత ఒక మంచి పేపర్ తీసుకుని, దాని డేటా డౌన్‌లోడ్ చేసి, అందులోని మొదటి పట్టిక మీరే సొంతంగా రాబట్టండి. నేను ఎక్కువ నేర్చుకున్నది అలాగే.

ఒక జాగ్రత్త కూడా చెప్తాను. ఓటర్ల జాబితాల పాత పట్టికల్లో నల్లజాతి ఓటర్ల గడి కొన్నిచోట్ల ఖాళీగా ఉంటుంది. నేను మొదట్లో వాటన్నిటిలో సున్నా వేశాను. ఆ కౌంటీల్లో జాతిని బట్టి విడిగా లెక్క రాయలేదు, అంతే, ఓటర్లు లేరని కాదు. ఆ ఫైలు సరిచేయడానికి నాకు రెండు వారాలు పట్టింది. మీరు మొదలుపెట్టాక ఇలాంటి చోట ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.